వైద్యుడి చేతిలోని రాయి

నా భార్య రాయిని వైద్యుడు హూబ్రెక్ట్ కాజేశాడు. నా భార్య పేరు నేల్చే. ఆమె పొత్తికడుపు కోసి తీసిన రాయి అది. ఆ కోతకే ఆమె పోయింది. గవ్వలు, ఎండు మొసళ్లు లాంటి వింతలు పోగేసే ఆయన, ఆ రాయిని చేతిలో పట్టుకుని పటం గీయించుకున్నాడు.

ఆమెలోంచి తీసింది ఆమె గోరీలోనే పూడ్చాలని, రాయి ఇమ్మని అడగడానికి ఆయన ఇంటికి వెళ్లాను. అప్పుడు అతిథులకు పటం చూపిస్తున్నాడు.

"ఈ రాయి తూర్పుదేశపు మేక పొట్టలో దొరికింది. ఎంత విషమైనా విరిచేస్తుంది!"

"అయ్యా, ఆ మేక నా పెళ్లాం," అన్నాను.

అందరూ ఘొల్లుమన్నారు.

"పోయిన మనిషిని మేకంటావేంటయ్యా, తప్పు కదూ!" అని వైద్యుడు నన్నే మందలించాడు.

రాయి ఇవ్వలేదు. హోర్న్ ఊరి చేపల వీధిలో ఇప్పుడు నా పేరు మేక మొగుడు. ఇక దీని గురించి ఎవరడిగినా నోరు విప్పను.