గుంపుకొక్క మచ్చుకత్తి

రామసుబ్బమ్మ కాలు తెగింది మా అందరి కళ్ల ముందరే. కూలికి పోయేవాళ్లైనా, చదువుకునే పిల్లలైనా మీరు ఈ సంగతి వినాల.

పత్తికొండకు పడమర పక్క మా ఊరి కాలువ. నీళ్లు వచ్చి ఎన్నో ఏండ్లయింది. కాలువ పొడుగునా సర్కారు కంప మొలిచి, తొడలావు మానులై, కుక్క కూడా దూరలేనంతగా అల్లుకుంది. ఆ కంప కొట్టించే పని కడప నుంచి వచ్చిన కాంట్రాక్టరు వేణుగోపాల్ పట్టినాడు. కొట్టేది మేము, కూలి ఆడోళ్లం.

పొద్దున్నే మేస్త్రీ నాగరాజ్ ట్రాక్టరు తొట్టిలో నుంచి పనిముట్లు కింద పోస్తాడు. అన్నీ గడ్డి కోసే పొట్టి కొడవళ్లు. గడ్డి కొడవలితో కంప మానును కొడితే తెగదు, జారుతుంది. పిడి పొట్టిది కాబట్టి చెయ్యి ముళ్లలోకి పోవాల్సిందే. రామసుబ్బమ్మ కొడవలి అట్లనే జారి మోకాలి కింద దిగింది. కొంగు చింపి కట్టినాం. రక్తం ఆగలేదు.

"చూసి కొట్టుకోవల్ల గదా. ఇంటికి తీసకపోండి" అన్నాడు నాగరాజ్, గట్టు మీద నుంచి దిగకుండానే.

మా కోపం ఆ గట్టు మీదికి పోవాల. పోలేదు. ప్రేమమ్మ మీదికి పోయింది.

ఎందుకంటే ప్రేమమ్మ చేతిలో మచ్చుకత్తి ఉంది. ముక్కు వంగిన బరువు కత్తి, దానికి పొడుగు పిడి. ఎడంగా నిలబడి ఒక్క ఏటు వేస్తే మణికట్టంత కొమ్మ తెగి పడుతుంది. తెగిన కొమ్మను ఆ వంకర ముక్కుతోనే తగిలించి ఈడ్చేయొచ్చు, ముల్లు చేతికి తగలదు. గుంపంతటికీ ఆ కత్తి ఒక్కటే. రోజూ అది ప్రేమమ్మకే.

"ఆ యమ్మవే చేతులా, మావి కట్టెలా?" అంటా ఉండేది వెంకటేశ్వరమ్మ. కంప కొట్టడంలో ఆమెకు ఊర్లో పేరుంది. ఆమె చూపు కంప మీద కంటే ఆ కత్తి మీదే ఎక్కువుండేది. "నాగరాజ్ ఊరికే ఇస్తాడా? ఏమో ఉండాది లే వాళ్ల నడుమ" అని ఒకరంటే, కాదని అనేవాళ్లు లేరు. మేము తాగే బిందె ప్రేమమ్మ దగ్గరికి పోయేసరికి ఖాళీ అయ్యేది. ఆమె గట్టవతల ఒంటరిగా సద్ది విప్పుకునేది.

సాయంత్రమైతే నాగరాజ్ ప్రేమమ్మ కొట్టిన జాగా చూపిస్తాడు. "ఆ యమ్మ అంత కొట్టె. మీకేమి రోగం?" అందుకోలేని వాళ్ల కూలి కోస్తాడు. మేము ఇంకా ఉరుకులాడేవాళ్లం. రామసుబ్బమ్మ కాలు తెగింది ఆ ఉరుకులాటలోనే.

మరుసటి రోజు ఆమె బదులు కూతురు శివజ్యోతి పనికొచ్చింది. కాలేజీలో చదివే పిల్ల. మధ్యాన్నం కల్వర్టు నీడలో కూర్చున్నప్పుడు అందరి నోట్లోనూ ప్రేమమ్మ పేరే నలుగుతా ఉంటే, ఆ పిల్ల అడిగింది.

"మా అమ్మ కాలు కోసింది ప్రేమమ్మత్తనా, ఈ కొడవలా?"

"కొడవలే" అంది వెంకటేశ్వరమ్మ. "కానీ ఆ యమ్మ అంతంత కొట్టకుంటే మీ యమ్మ అట్లా ఉరుకులాడేదా?"

ఆ మాట గట్టవతలికి వినబడింది. ప్రేమమ్మ సద్ది వదిలేసి, కత్తి పట్టుకొని నీడలోకి వచ్చింది. మాలో కొందరు లేచి నిలబడినారు.

"కత్తి ఇచ్చిన దినమే నాగరాజ్ చెప్పినాడు" అంది. "చెయ్యి నిదానిస్తే కత్తి ఇంకొకరికి పోతాదని. దీన్ని పట్టినాక మళ్లా ఆ పొట్టి కొడవలి పట్టాలంటే భయమైంది. భయంతోనే కొట్టినా. మీకు నన్ను చూస్తే కుళ్లని తెలుసు. నాకు మాత్రం లేదా? మీరు ఈడ నగుకుంటా తింటాండారు. నేనాడ గోడలాగా కూర్చొని మింగుతాండా."

ఆమె కత్తిని వెంకటేశ్వరమ్మ ముందర పెట్టింది. "నువ్వూ కొట్టి చూడు వదినా."

వెంకటేశ్వరమ్మ లేచి పక్కనున్న కంప మీద ఒక ఏటు వేసింది. కొమ్మ తెగింది. ఇంకొకటి వేసింది. ఆమె మొగం ముందు వెలిగింది, తర్వాత నల్లబడింది.

"ఇట్లాంటిది లోకంలో ఉండంగా మా చేతికి గడ్డి కొడవళ్లు ఇస్తాండాడే" అంది.

ప్రేమమ్మ మీద ఆమెకున్న కుళ్లు ఆ పూటే పోయిందని చెప్పను. కత్తి తిరిగిచ్చేటప్పుడు ఆమె వేళ్లు తొందరగా వదల్లేదు.

"రోజుకొకరం పట్టుకుందాం" అని ఒకరన్నారు.

"వంతులు పెట్టుకుంటే వంతు కోసం కొట్లాడతాం. వాళ్లకు కావల్సిందీ అదే గదా" అంది ప్రేమమ్మ.

"అందరికీ అడిగితే ఉన్న పనీ పోతాది" అని ఇంకొకరు.

"పని పోతే మళ్లా దొరుకుతాది. కాలు దొరుకుతాదా?" అంది శివజ్యోతి.

ఎండ వాలేదాకా వాదించుకున్నాం. నాగరాజ్ పిలిచినా లేవలేదు. కొమ్మలకు మచ్చుకత్తులు. మొదళ్లకు గొడ్డళ్లు. తెగిన కంప ఎత్తేయడానికి పంగలకర్రలు. కాళ్లకు బూట్లు. రామసుబ్బమ్మ కాలుకు వైద్యం. చెట్టును చూసి, చేతిని చూసి, పనిముట్టు ఏరుకునేది మేమే. అవి వచ్చేదాకా పనిలోకి దిగం.

తెల్లారి నాగరాజ్ కొడవళ్లు పోసినాడు. ఒక్కరూ వంగలేదు. కొడవళ్ల గుట్ట చుట్టూ కూర్చున్నాం. కబురందుకొని వేణుగోపాల్ కారులో దిగినాడు. తెలివైనవాడు, అరవలేదు. నాగరాజ్ చేతిలోని మచ్చుకత్తి తీసుకొని నేరుగా వెంకటేశ్వరమ్మ దగ్గరికే పోయినాడు.

"నీ పనితనం మావాడు కనుక్కోలేదమ్మా. ఈ రోజు నుంచి ఇది నీదే. మీవాళ్లను లేపు."

ఆమె చెయ్యి చాపి తీసుకుంది. ప్రేమమ్మ తల వంచుకుంది. వెంకటేశ్వరమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో పదును చూసి, ఒడిలో పెట్టుకొని కూర్చుంది.

"శానా బాగుండాది సార్. దీని మీద నాకెంత ఆశో ఈడ అందరికీ తెలుసు. కానీ రేపటి నుంచి వీళ్లంతా నన్ను చూసి ఏడుస్తారు. మేము ఒకరిని చూసి ఒకరు ఏడుస్తాంటే మీ కాలువ శుభ్రమైతాది. అందరికీ తెప్పించండి, అప్పుడు లేస్తాం."

వేణుగోపాల్ ఫోను తీసుకొని దూరంగా పోయినాడు. నాగరాజ్ కొడవళ్లు మళ్లా తొట్టిలోకి ఎత్తించి, ట్రాక్టరెక్కి ఎటో పోయినాడు. కొంతసేపటికి పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగీదిగడంతోనే వెంకటేశ్వరమ్మను చూపించి, "మారణాయుధంతో కాంట్రాక్టరును బెదిరించింది ఈమెనా?" అన్నాడు.

"ఆయన ఇచ్చిన పనిముట్టే సార్" అంది ఆమె.

"నిలబడి కొడితే పనిముట్టు, కూర్చుంటే మారణాయుధమా సార్?" అని అడిగింది శివజ్యోతి. ఎస్సై ఆ పిల్ల వైపు చూడలేదు. కత్తి లాక్కొని, వెంకటేశ్వరమ్మను జీపెక్కించినారు.

అప్పుడు ప్రేమమ్మ లేచింది. "నన్నూ ఎక్కించుకోండి. ఇన్నాళ్లూ ఆ కత్తి పట్టింది నేను."

"నీ మీద కేసు లేదు, పో."

"అదే నాకు కుళ్లు సార్. పనికాడ నన్ను ముందర నిలబెట్టిరి. ఇప్పుడు ఆమె ఒక్కతే ముందర పోతే నేను ఓర్చుకుంటానా?"

అడ్డం వచ్చిన కానిస్టేబులును తోసుకొని ఎక్కింది. వెంకటేశ్వరమ్మ జరిగి జాగా ఇచ్చింది. ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం మేము చూడటం అదే మొదలు. శివజ్యోతి ఎక్కింది. ఇంకో ఇద్దరు ఎక్కినారు. జీపులో జాగా అయిపోయింది. మిగిలినోళ్లం జీపు వెనక నడిచినాం.

తారురోడ్డు మీద నాగరాజ్ ట్రాక్టరు ఎదురై, మా గుంపుకు నిదానించింది. మా బదులు పని చేయించడానికి పక్కూరి ఆడోళ్లను ఎక్కించుకొని వస్తాండాడు. తొట్టిలో ముందర కూర్చున్న పెద్దామె సుబ్బరత్నమ్మ మమ్మల్ని చూసి అడిగింది.

"యాడికి మే, ఇంతమంది?"

చెప్పినాం. కాలు తెగింది చెప్పినాం, కత్తి సంగతి చెప్పినాం, జీపులో ఎవరుండారో చెప్పినాం. ఆమె కాళ్ల కాడ పడున్న పొట్టి కొడవళ్ల వైపు చూసింది.

"ఆపప్పా" అంది డ్రైవరుతో. నాగరాజ్ వద్దన్నాడు. ఆమె తొట్టి అంచు పట్టుకొని దిగనే దిగింది. "కాళ్లు మీకేనా ఉండేది, మాకు లేవా?" అంది మాతో.

వెనకాల ఒక్కొక్కరే దిగినారు. కొడవళ్లు తొట్టిలోనే వదిలేసి, మాకంటే ముందర పడి స్టేషను దిక్కు నడిచినారు. పక్కూరోళ్లు ముందర పోతాండారే అని మావాళ్లకు కుళ్లు పుట్టింది. అడుగులు పెంచినాం. రోడ్డు నిండిపోయింది.