ఇసుక పాము గోడు

నేను ఒక ఇసుక పామును. భయపడకండి, నాకు కోరలు లేవు. మందపాటి గుడ్డను పొడుగ్గా గొట్టంలా కుట్టి, నిండా గోదావరి ఇసుక పోసి, రెండు చివర్లూ బిగించి కడితే అయ్యేదాన్ని. కుట్టిన దర్జీ నన్ను చూసి "పసిపిల్లకి దిండులా ఉందే" అని నవ్వాడు. దిండునే అయినా బాగుండేది.

రైల్వే గేటు పక్కనున్న బియ్యం గోదాములో నా ఉద్యోగం. పేర్చిన బస్తాల నెట్టుకు ముక్కు పురుగు పడితే మందు పెట్టే అప్పన్న వస్తాడు. బస్తాల మధ్య మందు బిళ్ళలు పెట్టి, గాలి దూరని పట్టా కప్పి, దాని అంచుల మీద మమ్మల్ని ఒకదానికొకటి ఆనించి పడుకోబెడతాడు. బిళ్ళల్లోంచి వచ్చే విషం పట్టా లోపలే ఉండాలి. వారం దాకా గోదాము తలుపు తెరవకూడదు. ఇంతే! ఈ కాస్త సంగతి మనుషుల బుర్రకెక్కితేనా?

మొన్న కూడా అప్పన్న అంతా సరిగ్గానే చేసి, తలుపుకు పుర్రె బొమ్మ బోర్డు తగిలించి వెళ్ళాడు. మర్నాడే ఆవరణలో షావుకారు గారి కొత్త కాటాకు పూజ. మేనేజరు భాస్కరం ఆ బోర్డు చూసి ఎగిరిపడ్డాడు.

"శుభమా అని కొబ్బరికాయ కొట్టబోతుంటే గుమ్మానికి పుర్రె బొమ్మేంట్రా! పీకెయ్యండి!"

పీకేశారు. అంతటితో ఊరుకున్నారా? కాలవ గాలికి షామియానా కింద తివాచీ లేచిపోతోందట. ఊళ్ళో రాళ్ళే లేనట్టు, తలుపు తాళం తీసి నా పక్కనున్న రెండు పాముల్నీ ఈడ్చుకుపోయారు. అవి అక్కడ ఎందుకున్నాయని ఒక్కడు అడిగితే ఒట్టు! నా పక్కన పట్టా అంచు లేచింది.

సరిగ్గా అప్పుడే మరిడమ్మను లోపలికి పంపారు. గోదాము చిమ్మే మనిషి ఆవిడ. పెద్దమనుషులు తొంగిచూస్తే శుభ్రంగా కనబడాలి కదా!

"ఏదో కుళ్ళు చేపల కంపు కొడతందండీ," అంది గుమ్మంలోనే.

"పురుగుల మందులే. నిన్నేం చేస్తుంది? తొందరగా కానీ," అన్నాడు భాస్కరం, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

చూశారా, ఆయనకు రుమాలు కావాలి!

మరిడమ్మ చిమ్ముకుంటూ వచ్చి, రాలిన గింజలు ఎత్తడానికి ఆ సందు దగ్గరే కూర్చుంది. లేవవే తల్లీ, లేచిపోవే అని నా ప్రాణం కొట్టుకుంది. నోరు లేని పుట్టుక నాది. ఆమె దగ్గింది. తల పట్టుకుంది. చీపురు మీదే ఒరిగిపోయింది. బయట మేళం వాయిస్తున్నారు.

ఎవరో హమాలీ చూసి ఆమెను బయటికి లాక్కెళ్ళాడు. పరగడుపున పనికొచ్చిందని ఒకరు, ఎండదెబ్బ అని ఒకరు తేల్చేశారు. మొగుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. బతుకుతుందో లేదో తెలియడం లేదని హమాలీలు చెప్పుకుంటుంటే విని కుమిలిపోయాను.

వారం తర్వాత పట్టా తీశారు. బస్తాల మీద పురుగులు హాయిగా తిరుగుతున్నాయి. షావుకారు గారికి అప్పుడొచ్చింది కోపం!

"ఇంత మందు పెడితే పురుగు చావలేదేంటయ్యా? ఆ విషమంతా ఎటు పోయింది?"

గుమ్మంలో మొగుడి భుజం పట్టుకుని మరిడమ్మ నిలబడి ఉంది. మళ్ళీ పనిలో పెట్టుకోమని అడగడానికి వచ్చింది.

"నా గుండెల్లోకొచ్చిందండి బాబుగారూ," అంది ఆయాసపడుతూ. "నాకు పట్టినంత వచ్చింది. మిగతాది ఎటు పోయిందో మీరే ఎతుక్కోండి."

షావుకారు ఆమెను ఎగాదిగా చూసి, భాస్కరం వైపు తిరిగాడు.

"ఈవిణ్ణి లోపలికెవరు రానిచ్చారయ్యా?"

ఊపిరందని మనిషి చీపురేం పడుతుందని ఆమెను పంపేశారు. సాయంత్రానికి మళ్ళీ మందు పెట్టించారు. పొద్దున్నే చిమ్మడానికి కొత్త మనిషి వచ్చింది. భాస్కరం తాళం తీసి, చీపురు ఎక్కడుందో చూపించాడు. ఇంకేమీ చెప్పలేదు.