సంతకం వెనక మాట

మహానుభావుల చేతిరాత ఉత్తరాలు పోగుచెయ్యడం నా పిచ్చి. మా ఆయన నన్ను చిత్తుకాగితాల మహారాణి అంటాడు. అననీ. మా సేకరణ సంఘం అధ్యక్షుడికి మాత్రం ఉత్తరాలతో పనిలేదు, సంతకాలు చాలు. ఉత్తరం సంపాదించడం, సంతకం మేరకు కత్తిరించి ఆల్బంలో అతికించడం, మిగతాది పాతకాగితాల కొట్టుకు తోసెయ్యడం. ఆయన్ని చూసి సంఘమంతా అదే పని. పైగా ఆయన్ని సంతకాలాయన అని గౌరవంగా పిలుచుకుంటారు. గౌరవమట, నా మొహం!

అధ్యక్షుడి ఇంటినుంచి పాతకాగితాల కొట్టుకు చేరిన కట్టలోనే నాకు ఒక ఉత్తరం దొరికింది. సముద్రాలన్నీ చుట్టొచ్చిన పేరుమోసిన నావికుడు చెల్లెలికి రాసిందని చేతిరాత చూడగానే పోల్చుకున్నాను. కాగితానికి రెండువైపులా రాశాడు. రెండోవైపు అడుగున సంతకం ఉండాల్సిన చోట పెద్ద కన్నం. ఆ కత్తెర మొదటివైపు ఆఖరి వాక్యాన్ని కూడా పట్టుకుపోయింది. "క్షమించమని అడగను. నీకొక్క మాట చెప్పాలి" అని ఉంది, ఆ తర్వాత కన్నమే. కాగితం తిప్పితే, "అందుకే ఇక ఇంటికి రాను" అని మొదలవుతుంది.

ఎందుకు రాడు? భోజనానికి కూర్చున్నా అదే ధ్యాస. ఆ చెల్లెలు చదివిన మాట నేనూ చదివి తీరాలి.

తిన్నగా అధ్యక్షుడి ఇంటికెళ్ళాను.

"ఆ సంతకం వెనక ఏముందో చూపించండి."

"అతికించేశాను కదమ్మా. పీకితే ఆల్బం పాడైపోదూ?"

"ఉత్తరం పాడైతే ఫర్వాలేదా?"

"పేరున్నవాడి పేరుకే విలువ. మిగతాదంతా సోది. ఊరికే రాద్ధాంతం చేశావంటే ఈసారి ప్రదర్శనలో నీకు బల్ల ఉండదు."

"ఆ బల్ల మీ నెత్తిన పెట్టుకోండి" అని వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది.

సంఘం ప్రదర్శన మొదలైన రోజే మా వీధిగది తలుపులు బార్లా తెరిచాను. మా ఆయన గొణుక్కుంటూనే బల్ల మోశాడు. కన్నం ఉత్తరాన్ని రెండు అద్దాల మధ్య నిలబెట్టి, పక్కన చీటీ పెట్టాను: "ఇందులో పోయిన మాట అధ్యక్షులవారి ఆల్బంలో ఉంది. వెళ్ళి అడగండి."

జనం వెళ్ళారు, అడిగారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వలేదట. సాయంత్రానికి ఆల్బం చంకలో పెట్టుకుని మా గుమ్మంలో దిగాడు.

"నా పరువు తీశావు. ఆ చీటీ తీసెయ్."

"సంతకం వెనక్కి తిప్పండి, తీసేస్తా."

మా ఆయన మరిగే నీళ్ళ గిన్నె తెచ్చాడు. ఆవిరి పట్టిస్తూ, అధ్యక్షుడే పళ్ళు బిగబట్టి సంతకాన్ని కొసనుంచి లేపాడు. ముగ్గురం వంగి చూశాం.

వెనక ఏమీ లేదు. జిగురు పట్టి సిరా అంతా అలుక్కుపోయింది. గోధుమరంగు మరక తప్ప ఒక్క అక్షరం మిగల్లేదు. అన్న ఎందుకు రాలేదో ఆ చెల్లెలికి తప్ప ఇక ఎవరికీ తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు, అధ్యక్షుడి ఎదుటే ఏడ్చేశాను.

"నేనేమన్నా కావాలని చేశానా అమ్మా" అని నసిగాడు. "పోనీ, ఆ ముక్క నువ్వే ఉంచుకో. చీటీ మాత్రం తీసెయ్."

ఇచ్చిన మాట ప్రకారం తీసేశాను. ఆ చోట తెల్లకాగితం పరిచి, కలం ఆయన చేతికిచ్చాను.

"రాయండి. ఇక్కడ ఒక మాట ఉండేది, దాన్ని పోగొట్టింది నేనే అని."

"రాయకపోతే?"

"నేను రాస్తాను. ఇంకా పెద్ద అక్షరాలతో."

గుమ్మం బయట జనం మెడలు సాచి చూస్తున్నారు. తల ఎత్తకుండా రాశాడు. రాసి, కలానికి మూత పెట్టబోయాడు.

"సంతకం?" అన్నాను.