ముప్పై మూడు సెంటీమీటర్లు

కీబోర్డును బోర్లించి పాత పేపరు మీద తడితే ఏమేం రాలతాయో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. బిస్కెట్టు పొడి, గడ్డం వెంట్రుకలు, తలలోంచి రాలిన పొట్టు, అన్నిటికంటే ఎక్కువగా గోళ్ళు. ఆమె భర్త కంప్యూటర్లో యుద్ధాలు చేస్తాడు. ఒక యుద్ధానికీ ఇంకో యుద్ధానికీ మధ్య గోళ్ళు కొరికి ఊస్తాడు. ఎదురుగా కీబోర్డే ఉంటుంది కాబట్టి దాని మీదే ఊస్తాడు. అవి మీటల సందుల్లోకి జారతాయి. ఆదివారం ఆదివారం ఆమె వాటిని పుల్లతో బయటికి లాగుతుంది. కొన్ని ఇంకా మెత్తగానే ఉంటాయి. పదమూడేళ్ళ కాపురంలో చేసిన పనులన్నిటిలోకీ రోతైనది ఏదని ఎవరైనా అడిగితే ఇదేనని చెబుతుంది. ఎవరూ అడగలేదనుకోండి.

"నేను పట్టుకుంటే మీటలూడిపోతాయి. నీ వేళ్ళు సన్నం," అన్నాడు మొదటిసారి. పొగడ్త అనుకుని మురిసిపోయింది, పిచ్చిది. ఆ ఇంట్లో చాలా పనులు ఆమెకు పొగడ్తల రూపంలోనే అంటుకున్నాయి. "నువ్వు తోమితే అద్దంలా ఉంటుందమ్మాయ్" అని అత్తగారు అప్పగించిన స్నానాలగది కూడా వాటిలో ఒకటి.

ఒక ఆదివారం మానిటరు వెనక దుమ్ము తుడుస్తుంటే చేతికి టేపు తగిలింది. ఆమె టేపే. రెండు రోజులుగా వెతికి వెతికి వేసారిన ఐదు మీటర్ల ఉక్కు టేపు.

"ఇది ఇక్కడికెలా వచ్చిందండీ?"

మంచం మీద ఫోన్ చూసుకుంటున్న భర్త తలెత్తలేదు. "నాకేం తెలుసు? నువ్వే ఎక్కడో పారేసుకుని ఉంటావ్."

అంతే కాబోలు అనుకుంది. ఆ ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా పారేసింది ఆమేనని ఎప్పుడో తీర్మానమైపోయింది. టేపు తీసి ఆఫీసు బ్యాగులో వేసుకుంది.

ఆ టేపే ఆమె బతుకుతెరువు. వంటిళ్ళలో అల్మారాలు చేసి బిగించే కంపెనీలో ఆమె కొలతలు తీస్తుంది. ఇంటింటికీ వెళ్ళి, గట్ల కింద దూరి, మూలమూలలూ కొలిచి, బొమ్మ గీసి ఇస్తుంది. తలుపు తీసినవాళ్ళు ముందు ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "సార్ రాలేదా?" అంటారు. రాలేదంటే మొహాలు మాడ్చుకుంటారు. ఆమె గీసిన బొమ్మ కింద మేనేజరు సంతకం ఉంటుంది. ఈ పదేళ్ళలో ఆమె కొలిచిన అల్మారా ఒక్కటీ గోడకు తగిలి వెనక్కి రాలేదు. ఆఫీసులో ఆమె పేరెవరికీ గుర్తులేదు, అందరికీ 'టేపు మేడం'. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే సొరుగు మూసుకోదని ఆమెకు ఎంత బాగా తెలుసో, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు అంత బాగా తెలియదు.

ఆమె గేము ఆడటం కూడా కీబోర్డు వల్లే మొదలైంది. ఓసారి మీటలు తుడుస్తుంటే ఏదో నొక్కుకుపోయి తెర మీద లారీ ఒకటి కదిలింది. భర్త కొని, విసుగొచ్చి వదిలేసిన గేము. ముందు పొడవాటి రోడ్డు, రెండువైపులా పొలాలు, వెనక సరుకు. ఆపుదామని ఏ మీట నొక్కాలో తెలియక తోలుతూ పోయింది. పది నిమిషాలు గడిచాయి. ఆ పది నిమిషాల్లో ఎవరూ ఆమెను మంచినీళ్ళడగలేదు, తువ్వాలెక్కడని అరవలేదు. రోడ్డు అడిగినదల్లా ముందుకు పొమ్మని. గుండెల మీద నుంచి ఎవరో కుంపటి దించినట్టయింది. ఆ తర్వాత భర్త ఇంట్లో లేనప్పుడల్లా లారీ ఎక్కేది. ఒకరోజు చూసేశాడు. "ఏం డ్రైవరమ్మా, లోడెక్కడికి?" అని పగలబడి నవ్వి, మర్నాడే పాస్‌వర్డు పెట్టాడు. అందులో ఆఫీసు ఫైళ్ళున్నాయట.

అప్పుడు పుట్టింది ఆమెకు తన కంప్యూటరు తనే కొనుక్కోవాలన్న పట్టుదల. తన జీతంతో, తన చేత్తో, ఒక్కో భాగం ఏరి కట్టుకునేది. తనకంటూ కొత్తది.

కొత్తది అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆమె చేతిలో ఉన్న ఫోను భర్త వాడి పక్కన పడేసినది. నడిపే స్కూటరు అతను బండి మార్చినప్పుడు దిగినది. "వాడి పాతది నీకు కొత్తదే కదమ్మాయ్" అంటారు అత్తగారు. ఆవిడ ముక్కు మీద ఉన్నది కాలం చేసిన మామగారి కళ్ళజోడు. అద్దాలు మార్పించారు, ఫ్రేము ఆయనదే. అది చెంపల మీదికి జారుతుంటే రోజుకు వందసార్లు పైకి తోసుకుంటారు గానీ, ఇంకోటి కావాలని ఏనాడూ అడగలేదు.

మూడు నెలలు చదివింది. బస్సులో చదివింది, కుక్కరు దగ్గర నిలబడి చదివింది. ఏ ప్రాసెసరు ఏ బోర్డు మీద కూర్చుంటుంది, ఏ ర్యామ్ ఏ గాడిలో దిగుతుంది, వేడి లాగే ఫ్యాను ఎత్తెంత, వీటన్నిటినీ మోసే డబ్బా, అంటే క్యాబినెట్, లోపల ఎంత చోటిస్తుంది. చదువుతున్నకొద్దీ ఆమెకు ఆ లోకం తెగ నచ్చేసింది. ఏది దేనితో పొసగదో అక్కడ ముందే అచ్చేసి ఉంటుంది. పొసగకపోతే ఎవరూ ఎవరినీ సర్దుకుపొమ్మనరు, పొసగేది ఇంకోటి చూస్తారు.

టేపు దొరికిన మర్నాడు, లిస్టు తయారయ్యాక భర్తకు చూపించింది. నవ్వుతాడనుకుంది, నవ్వలేదు. కాగితం చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చదివాడు. "గ్రాఫిక్స్ కార్డు మరీ చిన్నది రాశావే. కొనేదేదో మంచిది కొనుక్కో. మూడు ఫ్యాన్లది తీసుకో. నీ డబ్బే కదా, నీ కోసం ఒకసారైనా ఖర్చుపెట్టుకో."

ఆ చివరి ముక్కకు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పూట అతనికి ఇష్టమని రెండు కూరలు చేసింది. తర్వాత కూర్చుని లిస్టంతా తిరగరాసింది. తెర మీద బొమ్మలు నడిపే ఆ పెద్ద కార్డు పొడవు ముప్పై మూడు సెంటీమీటర్లు. దానికి తగ్గ పవర్ సప్లై, దానికి తగ్గ క్యాబినెట్, ముప్పై ఎనిమిది వరకూ చోటుండి ముందువైపు జాలీ ఉన్నది, చూడ్డానికి బీరువాలా ఉన్నా గాలి బాగా ఆడేది.

శనివారం షాపుకు బయల్దేరుతుంటే చొక్కా తొడుక్కుని వచ్చాడు. "ఒక్కదానివే వెళ్తే టోపీ పెడతారు."

షాపులో లిస్టు ఆమె చేతిలో ఉంది, బ్యాంకు కార్డు ఆమె పర్సులో ఉంది, మాటలు మాత్రం షాపతనికీ భర్తకీ మధ్య నడిచాయి. "సార్‌కి ఇది బావుంటుంది... సార్ ఇది చూడండి..." సార్ చూశారు. చూసి, గాజు తలుపూ రంగురంగుల దీపాలూ ఉన్న క్యాబినెట్ దగ్గర ఆగారు.

"ఇది తీసుకుందాం. హాల్లో పెడితే అందంగా ఉంటుంది."

ఆమె వెనక అంటించిన చీటీ చదివింది. "ఇందులో కార్డు పట్టదండీ. ముప్పై ఒకటే ఉంది చోటు. రెండు సెంటీమీటర్లు తక్కువ."

షాపతను భర్త వంక చూశాడు. భర్త షాపతని వంక చూసి కన్నుగీటాడు. "ఈవిడకి అన్నీ వంటింటి అల్మారాల్లాగే కనిపిస్తాయిలే." ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆమె చెవి దగ్గరకు వంగి, "రెండు సెంటీమీటర్లకి ఇంత రాద్ధాంతమా? నలుగుర్లో నా పరువు తీయకు" అన్నాడు. నోట్లోంచి వక్కపొడి వాసన.

ఆమె నోరు మూసుకుంది. పదేళ్ళుగా సెంటీమీటర్లు అమ్ముకుని బతుకుతున్న మనిషి, రెండు సెంటీమీటర్ల దగ్గర నోరు మూసుకుంది. వెనక లైన్లో మనుషులున్నారు, నిజమే. కాళ్ళు లాగుతున్నాయి, అదీ నిజమే. కానీ అసలు నిజం ఏమిటంటే, తెలిసి తెలిసి ఊరుకోవడం ఆమెకు బాగా అలవాటైపోయింది. దారి పొడవునా తన మీద తనకే రోత.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో దుప్పటి పరిచి బిగింపు మొదలెట్టారు. ప్రాసెసరు ఆమే కూర్చోబెట్టింది, వేళ్ళు సన్నం కదా. ర్యామ్, ఫ్యాను, తీగలు అన్నీ ఆమే. చివర్లో కార్డు మాత్రం అతను తీసుకున్నాడు. గాజు డబ్బాలో పెట్టబోయాడు. ముందువైపు ఫ్యాన్లకు తగిలి ఆగింది.

"అయ్యో!" అన్నాడు. "పట్టట్లేదే!"

ఆ అయ్యో ఎందుకో కొంచెం తొందరగా వచ్చినట్టనిపించింది ఆమెకు.

"ఊరికే పడి ఉండడం ఎందుకు? ప్రస్తుతానికి నా దాంట్లో పెడతా. నా పాతది చిన్నది, నీ దాంట్లో హాయిగా పడుతుంది. లారీ తోలుకోడానికి అది చాల్లే." మాట పూర్తయ్యేలోపే తన కంప్యూటరు పక్కపలక ఊడదీశాడు. పావుగంటలో ఆమె కొత్త కార్డు అతని పెట్టెలో కూర్చుంది. అతని పాత కార్డు ఆమె ఒళ్ళోకి వచ్చింది. దాని ఫ్యాన్ల నిండా బూజు, వెంట్రుకలు, జిడ్డుతో ముద్దకట్టిన దుమ్ము.

"కాస్త దులుపుకుని పెట్టుకో. స్క్రూలు నా సొరుగులో ఉంటాయి చూడు," అని ఆవులించి, పడకగదిలోకి పోయి పడుకున్నాడు.

"నీకది కొత్తదే కదమ్మాయ్," అన్నారు అత్తగారు సోఫాలోంచి, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

సొరుగులో ఏముందో అతనికెప్పుడూ గుర్తుండదు. సర్దేది ఆమె కాబట్టి గుర్తుంచుకోవాల్సిన అవసరం రాలేదు. స్క్రూల డబ్బా కింద మడతపెట్టిన కాగితం ఉంది. ఆమె మొదటి లిస్టు తాలూకు చిత్తు, అతనికి చూపించకముందే చెత్తబుట్టలో పడేసినది. వెనకవైపు అతని చేతిరాత:

'నా బాక్సు 36. మూడు ఫ్యాన్ల కార్డు 33. ఓకే. గాజు బాక్సు 31.'

ఆమె రెండోసారి చదవలేదు. అవసరం లేదు, అంకెలు ఆమెకు ఒక్కసారికే ఎక్కుతాయి. మానిటరు వెనక దొరికిన టేపు గుర్తొచ్చింది. పదమూడేళ్ళలో ఒక్క కర్టెన్ కొలవని మనిషి, ఒక్క గోడకు మేకు ఎక్కడ కొట్టాలో చూడని మనిషి, ఆమె బ్యాగులోంచి టేపు తీసి, పెట్టె తెరిచి, వంగి కొలిచాడు. కొలిచాకే 'నీ కోసం ఖర్చుపెట్టుకో' అన్నాడు. ఆ మాటకు తను ఏడ్చింది. రెండు కూరలు చేసింది.

కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. వంటింట్లోకి పోయి కొళాయి తిప్పింది. లాక్కుని ఉంటే దొంగ అనుకునేది. అడిగి ఉంటే ఇచ్చేసేదేమో కూడా, అసలు రోత అక్కడే ఉంది. అడిగితే ఇచ్చేస్తుందని తెలిసినా అతను అడగలేదు. అడిగితే ఆమెది అని ఒప్పుకున్నట్టవుతుంది.

మొహం కడుక్కుని వచ్చి స్క్రూడ్రైవరు అందుకుంది. తన కార్డు ఊడదీయడానికి అయిదు నిమిషాలు పట్టింది. అతని కార్డు అతని పెట్టెలో, దుమ్ముతో సహా, ఎక్కడిది అక్కడ బిగించింది. పొద్దున్న కీబోర్డు దులిపిన పేపరు ఇంకా మూలనే ఉంది. దాన్ని గరాటులా మడిచి, గోళ్ళతో సహా అంతా మీటల మీద సమంగా చల్లింది.

"ఏంటమ్మాయ్ అది?" అన్నారు అత్తగారు.

"ఆయన వస్తువులే అత్తయ్యా. తిరిగి ఇచ్చేస్తున్నా."

లేచి వచ్చిన భర్త తెర చూశాడు, పెట్టె చూశాడు. "కొత్త కార్డేది?"

"నా దగ్గరుంది."

"నీ దాంట్లో పట్టదుగా!"

"పట్టదని మీకెప్పుడు తెలిసిందండీ?"

కాగితం టేబుల్ మీద పెట్టింది. అతను దాన్ని చూసి, ఆమెను చూసి, వాళ్ళమ్మను చూశాడు. "ఇంట్లో నీదీ నాదీ ఏంటి అసహ్యంగా! ఇంత దానికి లెక్కలా?"

"లెక్క మీరే వేశారు. నేను చదివానంతే."

అత్తగారు కాగితం అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. ఎంతసేపు చదివారో. తర్వాత కళ్ళజోడు తీసి, ఆ ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, అది ఎవరిదో ఇప్పుడే తెలిసినట్టు చూసుకున్నారు. కాగితాన్ని కొడుక్కి కాకుండా కోడలి చేతికి ఇచ్చారు.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టింది. లోపలివన్నీ ఊడదీసి, గాజు డబ్బాను ఆటోలో వేసుకుని, షాపు తలుపులు తీసే వేళకు వెళ్ళి కౌంటరు మీద పెట్టింది. దాని పక్కన బిల్లు, బిల్లు మీద ఉక్కు టేపు.

"ఇది వెనక్కి తీసుకుని నా లిస్టులో ఉన్న జాలీది ఇవ్వండి. నా ఎదురుగా కొలిచి ఇవ్వండి."

షాపతను ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. "సార్ రాలేదా మేడం?"

"సార్‌కి కొలతలు బాగా వచ్చండీ," అంది ఆమె. "అందుకే తీసుకురాలేదు."