బరాత్ జీపు జ్వరం

ఆత్మకూర్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు బీరన్న జీపు పెట్టింది పేరు. పరుగెత్తించినంతసేపు దానికి ఏ రోగమూ ఉండదు. ఈమధ్య బరాత్‌లో డప్పుల వెనుక నత్తనడక నడిపిస్తేనే ఒళ్ళు కాలిపోతోంది. మూడు వారాల కిందట ఒక పెళ్ళిలో పంచాయతీ ఆఫీసు ముందర బుస్సుమని పొగలు కక్కి ఆగిపోయింది. పెళ్ళికూతురు చెప్పులు చేతబట్టుకుని అత్తగారింటికి నడిచింది. ఊరంతా పగలబడి నవ్వింది.

రేపు సాయంత్రం అదే జీపులో మెకానిక్ ఏసోబు కూతురు గ్రేస్ ఊరేగాలి. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉన్న ముచ్చట. వేరే బండి మాట్లాడుకుందామని భార్య అంటే ఏసోబు ఇంతెత్తున ఎగిరిపడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఊరి బండ్లన్నీ బాగుచేసినవాడు, సొంత బిడ్డ బరాత్‌కు ఒక్క జీపును దారికి తేలేకపోతే ఇక రెంచి పట్టుకోవడం దేనికి?

పైకి అంత బింకమే గాని లోపల గుబులు. రేడియేటర్ కడిగాడు, థర్మోస్టాట్ మార్చాడు, నీళ్ళ పంపు విప్పి చూశాడు. ఎక్కడా లోపం దొరక్క, బోరు నీళ్ళ ఉప్పు పేరుకుందని బీరన్నను నలుగురిలో తిట్టాడు. "బండిల పోసే నీళ్లు గూడ సూస్కోవు, నువ్వేం డ్రైవర్‌వురా!" బీరన్న తల వంచుకున్నాడు.

ఇవాళ పొద్దున్నే ఏసోబు ఇంటి ముందు జీపు స్టార్ట్ చేసి, నిలబెట్టి ఉంచారు. పావుగంటకల్లా వేడి చూపే ముల్లు ఎర్రగీతకు పాకింది.

"ఫ్యాన్ తిరుగుతాందా, అన్నా?" బీరన్న మెల్లగా అడిగాడు.

"కండ్లు లేవా? గిర్రున తిరుగుతాంది."

ఆ మాట బీరన్న విన్నాడు. ముల్లు మాత్రం వినలేదు.

అప్పుడొచ్చింది ఏసోబు తల్లి నాగులమ్మ, చలికి గొంగడి కప్పుకుని. నేరుగా జీపు ముందుకు పోయి, రేడియేటర్‌కు అడ్డంగా ఉన్న జాలీకి రెండు చేతులూ చాచి నిలబడింది.

"అబ్బ! పొయ్యి కాడ కూసున్నట్టే ఉన్నది కొడుకా. ఎంత ఎచ్చటి గాలి కొడతాంది!"

"జరుగమ్మా! మా పానం పోతాంటే నీకు చలి కాగుడు కావాల్నా?" అంటూ ఆమె రెక్క పట్టి జరపబోయిన ఏసోబు చేతికీ ఆ గాలి తగిలింది. అక్కడే ఆగిపోయాడు.

ఇదేం విడ్డూరం? బండి నిలబడి ఉన్నప్పుడు ముందున్న చల్లగాలిని లోపలికి గుంజడమే కదా ఫ్యాన్ పని. మరి లోపలి వేడి ముసలిదాని మీదికి ఎందుకొస్తోంది? జేబులోంచి పెళ్ళిపత్రిక కవరు తీసి జాలీకి ఆనించి వదిలాడు. అతుక్కోవాల్సిన కవరు ఎగిరొచ్చి అతని ఛాతీకి కొట్టుకుంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎగిరొచ్చింది.

బండి ఉరుకుతుంటే ఎదురుగాలే ఇంజన్‌ను చల్లబరుస్తుంది. నిలబడితే దిక్కు ఫ్యాన్ ఒక్కటే. ఆ ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది!

వెంటనే దసరా ముందటి సంగతి గుర్తొచ్చింది. ఈ జీపు ఫ్యాన్ పాత మోటారు కాలిపోతే తుక్కు దుకాణంలో వేరే బండిది తెచ్చి బిగించాడు. ప్లగ్గు కుదరక రెండు తీగెలనూ కోసి చేత్తోనే కలిపాడు. ఎవరి చెయ్యి? తన చెయ్యే. అందుకే అన్నీ విప్పాడు గాని అక్కడ మాత్రం వేలు పెట్టలేదు.

తీగెలు అటుది ఇటు, ఇటుది అటు మార్చి కలిపాడు. కవరు జాలీకి టప్పున అతుక్కుంది. ముల్లు మెల్లగా దిగివచ్చి, దిగినచోటే నిలబడింది.

గోరింటాకు చేతులతో గ్రేస్ బయటికొచ్చింది. "ఏమాయె బాపూ? బోరు నీళ్లేనా?"

ఔనంటే అయిపోయేది. బీరన్న అటు తిరిగి అద్దం తుడుస్తున్నాడు. అది చూసేసరికి ఏసోబుకు సిగ్గేసింది.

"కాదు బిడ్డా. తీగెలు నేనే ఉల్టా కలిపిన. బీరన్నా, నిన్ను ఉత్త పుణ్యానికి తిట్టిన్రా."

"పోనీ అన్నా," అన్నాడు బీరన్న. అద్దం ఇంకోసారి తుడిచాడు.

మర్నాడు బరాత్ రెండు గంటలు నడిచింది. పంచాయతీ ఆఫీసు ముందు డప్పులవాళ్ళు కావాలనే ఆగి, ఒళ్ళు మరిచి ఆడారు. జనమంతా జీపు వంకే చూస్తున్నారు. ఏసోబు జాలీ ముందు అరచెయ్యి పెట్టాడు. చల్లగాలి వేళ్ళ సందుల్లోంచి లోపలికి పోతోంది.

"ఫ్యాన్ తిరుగుతాందా, అన్నా?" స్టీరింగ్ వెనుక నుంచి బీరన్న నవ్వుతూ అరిచాడు.

ఏసోబు అరచెయ్యి ఎత్తి చూపాడు. పైన కూర్చున్న బిడ్డను చూశాడు. గ్రేస్ చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.