బాబాయ్‌ని అడగండి

మా ఆఫీసులో వీడియో గేమ్‌ని విడుదలకు ముందు ఆడి తప్పులు పట్టేవాళ్ళం ఇరవై మందిమి. ఆ ఆటలో ఆరు వందల పన్నెండు జీవులు. ఏది నిప్పుకు లొంగుతుందో, ఏది నీళ్ళలో బలం పుంజుకుంటుందో అనుమానం వస్తే అందరం కిటికీ పక్క కుర్చీ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. అక్కడ కూర్చునే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనేవారు. పదహారేళ్ళ అనుభవం. అన్నీ ఆయనకు నోటికి వచ్చు.

ఆ గొంతే పాడైంది. ఆపరేషన్ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

“మాట్లాడలేనివాణ్ణి ఉంచుకుంటారా అమ్మాయ్? రిటైరవడానికింకా నాలుగేళ్ళుంది,” అన్నారు బాబాయ్ బొంగురుగా.

“మీరు చెప్పండి బాబాయ్, నేను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. మీ మాట పనిచేస్తుంటే మిమ్మల్నెవరు తీసేస్తారు?”

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. నా చదువు ఒకరికి అక్కరకొస్తోందని పొంగిపోయాను.

ఆరు వారాలు, భోజనాల వేళ ఆయన చెప్పారు, నేను ఎక్కించాను. బొమ్మలు లేవు, మౌస్‌తో పనిలేదు. నల్ల తెర మీద ‘చూపు’ అని కొట్టి జీవి పేరు కొడితే దాని బలం, బలహీనత, ఉండే చోటు వరసగా వచ్చేవి. పేరు దొరక్కపోతే ఒకటే వాక్యం: ‘బాబాయ్‌ని అడగండి.’

“నన్ను డబ్బాలో పెట్టేశావు కదే! ఒకటి మా ఆవిడకిచ్చెయ్, ఇంట్లో గొడవ వదిలిపోతుంది,” అని నవ్వబోయి దగ్గారు.

ఎవరు ఎన్నిసార్లు వాడారో లెక్క తేలే ఏర్పాటూ నేనే పెట్టాను. బాబాయ్ విలువ మేనేజర్ కంటికి ఆనాలని. ఆయన ఆపరేషన్ సెలవులో ఉన్న నెలలో అది తొమ్మిది వేల జవాబులిచ్చింది. ‘బాబాయ్‌ని అడగండి’ అన్నది మూడే మూడు సార్లు. ఆ లెక్క కాగితం మీద తీసి, నా చేత్తోనే మేనేజర్‌కి తీసుకెళ్ళి ఇచ్చాను.

“శభాష్,” అన్నాడు మేనేజర్. “అయితే ఆ కుర్చీ ఇక అక్కర్లేదన్నమాట.”

“సార్, అందులో ఉన్నవన్నీ ఆయన చెప్పినవే!”

“అదే కదమ్మా నేననేది. అన్నీ వచ్చేశాయిగా.”

బాబాయ్ మెడకు కట్టుతో వచ్చి తన కప్పు, స్వెటరు సంచిలో వేసుకున్నారు. నా పక్కన కూర్చుని ఒక జీవి పేరు కొట్టి, వచ్చిందంతా చదివారు. చీటీ మీద రాశారు: ‘ఒక్క తప్పు లేదు.’ దాని కిందే మళ్ళీ రాశారు: ‘ఒకటైనా దాచుకోవాల్సింది.’

ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

పై నెలలో ఆటలోకి నలభై కొత్త జీవులొచ్చాయి. ఏది కొట్టినా తెర మీద బాబాయ్ పేరే.

“ఆ వాక్యం తీసెయ్, బాగోలేదు,” అన్నాడు మేనేజర్. “ఆ నలభై నువ్వే ఆడి చూసి ఎక్కించు. కిటికీ దగ్గర కూర్చో, వెలుతురు బాగుంటుంది.”

వాక్యం తీసేశాను. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. వారం రోజులు ఒక్కో జీవినీ ఆడి, రాసుకుని, సరిచూసుకున్నాను.

ముప్పై తొమ్మిది ఎక్కించాను.