ముత్తమ్మ నోట ఆమెన్

గుడియాత్తంలో సవరియమ్మ నోటికి తాళం వేసిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. అలాంటి మనిషి ఆ ఆదివారం చర్చి నుంచి ఒక్క మాటా మాట్లాడకుండా నడిచి వచ్చింది. మెడలో వేలాడే చిన్న సంచిలో డబ్బీ, డబ్బీలో దివ్య సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం. అది గుండెల మీద ఉన్నంతసేపూ దారిలో కబుర్లు కూడదని సత్ప్రసాదం మోసేవాళ్లకు వేలూరులో ఇచ్చిన శిక్షణలో గట్టిగా చెప్పారు. టీకొట్టు వేలు "యాడికి పోతా ఉండావక్కా?" అంటే తల వంచుకుని సాగిపోయింది. తన మీద ఏదో కోపం పెట్టుకుందని పాపం వేలు బెంగపడ్డాడు.

ఫాదర్ దినకరన్‌కు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరగడానికి ఉన్నది ఒక బండి, ఒక వెన్నెముక. అందుకే మంచం పట్టినవాళ్లకు సత్ప్రసాదం అందించే పని విశ్వాసుల్లోనే కొందరికి అప్పజెప్పాడు. పూజలో తన పేరు చదవగానే సవరియమ్మ పొంగిపోయింది. ఎవరింటికి వెళ్లాలో విన్నాక ఆ పొంగు మీద చన్నీళ్లు పడ్డాయి.

ముత్తమ్మ ఇంటికి! సొంత తోడికోడలు, గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. రెండేళ్ల కిందట పండక్కి మరియమాత స్వరూపానికి కట్టడానికి ఇద్దరూ చెరో పట్టుచీర తెచ్చారు. సవరియమ్మ తెచ్చిన నీలం చీర కట్టారు, ముత్తమ్మ తెచ్చిన పచ్చచీర మడత విప్పనే లేదు. "ఇంగ దీనితో ఒక్క మాట మాట్లాడితే నా పేరు ముత్తమ్మే గాదు" అని చర్చి మెట్ల మీదే ఒట్టు పెట్టుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టమని ఎందరు చెప్పినా వినలేదు.

ఇప్పుడు తుంటి విరిగి మంచంలో ఉంది. మర్నాడు వేలూరులో రెండో ఆపరేషన్. సత్ప్రసాదం తీసుకోకుండా ఆ బల్ల ఎక్కనని పట్టుబట్టింది.

కోడలు సుమిత స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి కొవ్వొత్తి వెలిగించింది. "సుమితా, ఆమెను కూర్చోమను" అంది ముత్తమ్మ, గోడ వైపు చూస్తూ. జపాలకు మాత్రం ఇబ్బంది రాలేదు. అవి దేవుడితో మాటలు కదా, ముత్తమ్మ పరలోక జపం వీధికి వినబడేలా చెప్పింది.

సవరియమ్మ అప్పాన్ని రెండు వేళ్లతో పైకెత్తింది. "క్రీస్తు శరీరం."

ముత్తమ్మ నోరు తెరిచింది. మాట మాత్రం రాలేదు. ఎదురుగా ఉన్నది సవరియమ్మ. ఆమె అన్నదానికి బదులిస్తే ఒట్టు ఏం కావాలి?

"ఆమెన్ అనాల అత్తా," అని సుమిత గుసగుసలాడింది.

"నా తరపున నువ్వు చెప్పు."

"వేరేవాళ్ల నోటితో చెల్లదని మీ అత్తకు చెప్పు సుమితా," అంది సవరియమ్మ.

చిక్కింది ఈవిడ, అనుకుంది లోలోపల. ఎంత హాయిగా ఉందో! అప్పుడే ముత్తమ్మ మొహం సరిగ్గా చూసింది. నోరు తెరిచే ఉంది, పెదవులు వణుకుతున్నాయి, కళ్లు అప్పం మీద నుంచి కదలడం లేదు. సవరియమ్మకు సిగ్గేసింది. ప్రభువును చేతిలో పట్టుకుని తాను చీర తగువు గెలవాలని చూస్తోంది.

"వద్దులే అక్కా," అంది మెల్లగా. "తల ఊపు, చాలు."

ముత్తమ్మకు ఒళ్లు మండింది. "తల ఊపేదానికి నేనేమన్నా మూగదాన్నా? నీకు చెప్తానని అనుకుంటివా? నీకు గాదే, ఆయనకు చెప్తా ఉండా. ఆమెన్!"

సుమిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముత్తమ్మకు తానేం చేసిందో అప్పటికి గాని తెలియలేదు. సవరియమ్మ నవ్వు ఆపుకుంది. అప్పాన్ని భక్తిగా ఆమె నాలుక మీద ఉంచింది.

ముత్తమ్మ కళ్లు మూసుకుని జపం చేసుకుంది. కళ్లు తెరిచాక సుమిత వైపు చూడలేదు, గోడ వైపూ చూడలేదు. చెయ్యి చాచి సవరియమ్మ మణికట్టు పట్టుకుంది.

"రేపు నువ్వు గూడా రామ్మే. నాకు బయంగా ఉండాది."

"వస్తా అక్కా. నువ్వు కండ్లు తెరిచేదాకా ఆడే ఉంటా."